బాపు పాలసీ బంద్ పెట్టకు

హనుమకొండ

అరే శీనూ,

బాపుకు డెబ్బై దాటినయి కాబట్టి కేంద్రం ఇచ్చే ఉచిత వైద్యం కార్డు తీసుకుని, ప్రీమియం పెరిగిన పాత ఆరోగ్య బీమా పాలసీని బంద్ పెడదామని ఫోన్‌లో అన్నావు కదా. అప్పటి నుంచి నా మనసు దాని మీదే ఉంది. ఆ పని మాత్రం చేయకురా.

కార్డు వెంటనే తీయించు, అది మంచిదే. 2024 అక్టోబర్ నుంచి డెబ్బై దాటినవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఆయుష్మాన్ వయ వందన కింద ఏడాదికి 5 లక్షల వరకు వైద్యం ఉంది. ముందు నుంచి షుగర్, బీపీ ఉన్నా మొదటి రోజు నుంచే వర్తిస్తుంది. ప్రైవేటు పాలసీ ఉన్నవాళ్లు కూడా తీసుకోవచ్చు. మరి ఉన్నదాన్ని వదులుకోవడం ఎందుకు? ఆ కార్డు అడ్మిట్ అయితేనే పనికొస్తుంది, ఓపీకి, అంటే చేరకుండా డాక్టర్‌కు చూపించుకోవడానికి రాదు. అదీ పథకంలో చేరిన దవాఖానల్లోనే. బాపు చూపించుకునే గుండె డాక్టర్ దవాఖాన అందులో ఉందా, ఉంటే గుండె చికిత్సకు కూడా ఉందా అని అక్కడ పథకం పనులు చూసే ఆరోగ్యమిత్రను అడుగు. అర్ధరాత్రి ఛాతీలో నొప్పి వస్తే కరీంనగర్ నుంచి బయలుదేరేటప్పుడు జాబితాలు వెతికే టైం ఉండదు.

పైగా బాపు పాలసీ ఏళ్ల తరబడి తెగకుండా నడుస్తోంది. వరుసగా ఐదేళ్లు కట్టినవాళ్లకు, ఫలానా జబ్బు ముందే చెప్పలేదని క్లెయిమ్ తిప్పి పంపడానికి వీల్లేదు, మోసం చేశారని రుజువైతే తప్ప. ఇది ఎనిమిదేళ్లుండేది, 2024లో ఐదుకు తగ్గించారు. పాలసీ తెగిపోతే ఆ రక్షణంతా పోతుంది. వేరే కంపెనీకి పోర్ట్ చేసుకుంటే, అంటే పాలసీని తెగకుండా మార్చుకుంటే, గడిచిన కాలం వెంట వస్తుంది గానీ, ఈ వయసులో కొత్త కంపెనీ వద్దనే అవకాశమూ ఉంది.

ప్రీమియం సంగతి చూడు. అరవై దాటినవాళ్లకు ఏడాదికి 10 శాతం మించి పెంచాలంటే ముందు తమతో సంప్రదించాలని 2025 జనవరిలో బీమా కంపెనీలను నియంత్రించే ఐఆర్‌డీఏఐ వాటికి చెప్పింది. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత పాలసీల మీద 18 శాతం జీఎస్టీ కూడా పోయింది. అందుకే పాత రసీదులో పన్ను తీసేసి, అసలు ప్రీమియంతో కొత్త నోటీసు పోల్చు. పదికి మించి ఉంటే ఎందుకో మెయిల్‌లో అడుగు, ఫోన్‌లో అడిగితే రుజువుండదు. జవాబు రాకపోతే ఫిర్యాదుకు ఐఆర్‌డీఏఐ వాళ్ల బీమా భరోసా పోర్టల్ ఉంది, అక్కడా కాకపోతే హైదరాబాద్‌లో బీమా తగాదాలు తీర్చే అంబుడ్స్‌మన్ ఉన్నారు.

నాకు అసలు టెన్షన్ అమ్మ గురించి. ఆమెకు అరవై ఆరే, వయ వందన రాదు. తెల్ల కార్డు లేదు కాబట్టి ఆరోగ్యశ్రీ 10 లక్షలకు పెరిగినా మీకు ఉపయోగం లేదు. ఏ పాలసీలోనూ ఆమె పేరు లేదు. అరవై ఐదు దాటితే కొత్త పాలసీ ఇవ్వరని నువ్వనుకుంటున్నావు, ఆ వయసు పరిమితిని 2024 ఏప్రిల్‌లోనే తీసేశారు. షుగర్ లాంటి పాత జబ్బులకు వెయిటింగ్, అంటే క్లెయిమ్ ఇవ్వకుండా ఆగాల్సిన కాలం కూడా నాలుగేళ్ల నుంచి గరిష్ఠంగా మూడేళ్లకు తగ్గింది. ఈ ఏడు మొదలుపెడితే డెబ్బై వచ్చేలోపే ఆ గడువు అయిపోతుంది. బాపుతో కలిపి ఫ్లోటర్, అంటే ఇద్దరికీ ఒకే మొత్తం ఉండే పాలసీ వద్దు, ఇద్దరిలో పెద్దవారి వయసును బట్టే ప్రీమియం వేస్తారు, ఒకరి వైద్యానికే డబ్బంతా అయిపోవచ్చు. అమ్మ పేరు మీద విడిగా తీసుకో. ఫారంలో షుగర్, వాడే మాత్రలు, మోకాళ్ల నొప్పి అన్నీ రాయి. ఏజెంట్ రాయొద్దంటే ఆ ఏజెంట్‌నే మార్చు, శీనూ. రేపు క్లెయిమ్ ఆగితే బిల్లు కట్టేది నువ్వు, ఆయన కాదు.

ఇంకోటి, రూమ్ రెంట్ లిమిట్ చూడకుండా సంతకం చేయకు. మా మేనమామది 5 లక్షల పాలసీ, రూముకు రోజుకు 1 శాతం, అంటే 5,000. ఎనిమిది వేల రూములో చేరితే రూము తేడాయే కాదు, సర్జన్ ఫీజు, నర్సింగ్ ఖర్చులు కూడా అదే నిష్పత్తిలో కోశారు. మందులకు, స్టెంట్‌కు ఆ కోత పడలేదు గానీ, మిగిలింది జేబులోంచే పోయింది. అత్త బంగారం కుదువ పెట్టింది. అమ్మకు రూము లిమిట్ లేని పాలసీనే చూడు, కాస్త ఎక్కువైనా సరే. కో-పే ఎంతో కూడా అడుగు, ఇరవై శాతం అంటే లక్ష బిల్లులో ఇరవై వేలు మనమే కట్టాలి.

బాపు పాలసీ షెడ్యూల్ పేజీ ఫొటో తీసి పంపు. రెన్యువల్ తేదీ ఎప్పుడో రాయి. ఆదివారం నేనే కరీంనగర్ వస్తున్నా, అమ్మను షుగర్ రిపోర్టులన్నీ తీసిపెట్టమను.

నీ
రవి