అంగిలి చూడని శిబిరం

ఎడిటర్ గారికి,

మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో మహిళలకు పెట్టే ఆరోగ్య శిబిరాల్లో, పరిశోధనల కోసం వచ్చే బృందాల్లో ఒక అలవాటు కనిపిస్తుంది. పళ్ల డాక్టరు ఒక గదిలో, రక్తం తీసేవాళ్లు వరండాలో, స్త్రీల డాక్టరు తెర వెనక కూర్చుంటారు. నాలుక నున్నగా అయిపోయిందని ఒకరు రాసుకుంటారు, హిమోగ్లోబిన్ 8 అని మరొకరు, నెలసరి పది రోజులు పోతోందని ఇంకొకరు. ఆ మూడూ ఒకే మనిషివన్న సంగతి ఏ రిజిస్టరులోనూ ఉండదు. అందుకే నోరు, రక్తం, గర్భాశయ ముఖద్వారం ఒకే శిబిరంలో కలిపి చూడాలన్నది మంచి ఆలోచనే. కానీ చూసే పద్ధతిలో తప్పు ఉంటే ఆ అంకెలతో ఎవరికీ ఉపయోగం లేదు.

మొదట నోరు. పళ్లు, చిగుళ్లు, బుగ్గలు చూసి నోరు చూశామంటే మన దగ్గర కుదరదు. ఇది అడ్డపొగ ఉన్న ప్రాంతం. చుట్ట నిప్పు కొసను నోట్లోకి పెట్టుకుని కాల్చే ఈ అలవాటు ఇక్కడి పెద్ద వయసు ఆడవాళ్లలో ఎక్కువ. ఆ వేడి, పొగ సూటిగా తగిలేది అంగిలికే. 1971లో బ్రిటన్‌లోని ఒక క్యాన్సర్ పత్రికలో, ఆంధ్రప్రదేశ్‌లో 10,169 మంది గ్రామస్తుల అంగిళ్లు పరీక్షించిన అధ్యయనం అచ్చయింది. మిగతా చోట్ల గట్టి అంగిలికి క్యాన్సర్ రావడం అరుదు, అడ్డపొగ కాల్చేవాళ్లలో అరుదు కాదు. అంగిలి తెల్లగా మందమై, అందులో చిన్న లాలాజల గ్రంథుల రంధ్రాలు ఎర్రని చుక్కల్లా కనబడతాయి. భయపడాల్సింది ఆ తెలుపు, చుక్కల కన్నా ఎర్రబారిన మచ్చలకి. ఎర్రని మచ్చ, మానని పుండు రెండు వారాలు దాటి ఉంటే ముక్క తీసి పరీక్షకు పంపాల్సిందే.

కట్టుడు పళ్లు ఉంటే ముందు తీయించాలి, పైసెట్టు అంగిలిని పూర్తిగా కప్పేస్తుంది. తల వెనక్కి వాల్చి, అద్దం, టార్చి పెట్టి చూడాలి. తెల్లని పొరను గాజుగుడ్డతో తుడిచి, పోతుందో లేదో చూడాలి. నాలుకను అదే గుడ్డతో పట్టుకుని రెండు పక్కలా తిప్పాలి. నోరు మూడు వేళ్లు పట్టేంత తెరుచుకోకపోతే అదీ రాయాలి. ఇక ‘పొగ తాగుతారా’ అని అడిగితే చాలామంది లేదనే అంటారు, వాళ్ల దృష్టిలో పొగ తాగడమంటే మగవాళ్లు సిగరెట్టు కాల్చడం. ‘చుట్ట కాలుస్తావా అమ్మా? నిప్పు లోపలికా, బయటికా?’ అని అడగాలి. అదీ కోడలు పక్కన లేనప్పుడు.

రక్తం సంగతి. 5వ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15–49 ఏళ్ల మహిళల్లో 58.8 శాతం మందికి రక్తహీనత. అది వేలికొస రక్తంతో తేల్చిన లెక్క. వేలికొస పరీక్ష చెడ్డదని కాదు, చేసే చేయి సరిగ్గా ఉండాలి. స్పిరిట్ ఆరకముందే గుచ్చడం, చుక్క రావట్లేదని వేలిని పిండడం మనం రోజూ చూసే తప్పులు. పిండితే కణజాలంలోని నీరు కలిసి రక్తం పలచబడుతుంది, అంకె పడిపోతుంది. గర్భిణి కాని మహిళకు హద్దు డెసిలీటరుకు 12 గ్రాములు, గర్భిణికి 11. హద్దు దగ్గర ఉన్నవాళ్లను వేలు పిండి రోగుల్ని చేసేయొచ్చన్నమాట. మధ్యవేలు లేదా ఉంగరం వేలు పక్కన ఒక్కసారి గట్టిగా గుచ్చి, మొదటి చుక్కలు తుడిచేసి, దానంతట అది ఊరిన పెద్ద చుక్కనే కువెట్‌కి, అంటే మెషీన్‌లో పెట్టే చిన్న ప్లాస్టిక్ పలకకి, అందించాలి. గాలి బుడగ ఉంటే ఆ కువెట్ పారేయాలి. కువెట్ల డబ్బా మూత తీసి వదిలేస్తే తేమ పట్టి పాడవుతాయి, సముద్రం గాలి తగిలే ఊళ్లలో మరీ త్వరగా. పరిశోధన అని పేరు పెట్టుకున్నవాళ్లు మాత్రం చేతి నరం నుంచే, రక్తం గడ్డకట్టకుండా ఆపే ఈడీటీఏ ట్యూబులో తీసి, కుదపకుండా 8–10 సార్లు తలకిందులు చేసి, మెషీన్‌లో చూడటమే మేలు.

అంకె తక్కువ వచ్చింది కాబట్టి ఎర్ర మాత్ర ఇచ్చేసి పంపితే పని అయిపోదు. ఆ మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటాయి. టీతో వేసుకుంటే ఇనుము ఒంటికి సరిగ్గా పట్టదు. గర్భిణులకు కాల్షియం మాత్ర కూడా ఇస్తారు, అదీ ఇనుమును అడ్డుకుంటుంది కాబట్టి రెండూ వేర్వేరు వేళల్లో వేసుకోమని చేతిలో పెట్టి చెప్పాలి. విరేచనం నల్లగా వస్తుందని ముందే చెప్పకపోతే మూడో రోజుకి మాత్రలు గూట్లోకి చేరతాయి. నెల వాడినా కనీసం 1 గ్రాము పెరగలేదంటే కారణం వెతకాలి.

ఆ కారణాలు మన జిల్లాలో మండలాన్ని బట్టి మారతాయి. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు వైపు, కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానంలో రక్తం తక్కువగా ఉన్న మనిషికి మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ చూడకుండా మాత్రలు పెంచుకుంటూ పోవడం తప్పు. దెబ్బతిన్న మూత్రపిండం రక్తం తయారీకి కావాల్సిన హార్మోనును చాలినంత ఇవ్వలేదు, ఇనుము ఒక్కటే పోస్తే ఏం లాభం? మందస, మెళియాపుట్టి కొండ గ్రామాల్లో వంశపారంపర్యంగా వచ్చే రక్త జబ్బు సికిల్ సెల్‌కి పరీక్ష తప్పనిసరి. దానికి శిబిరంలో చేసే సాల్యుబిలిటీ పరీక్షలో పాజిటివ్ వస్తే అది జబ్బో, వాహక లక్షణమో తెలియదు, హిమోగ్లోబిన్ రకాలను విడదీసి చూపే హెచ్‌పీఎల్‌సీతో తేల్చుకోవాలి. ఈమధ్య రక్తం ఎక్కించుకున్నవాళ్లకు అదీ తికమక పెడుతుంది. చిగుళ్ల వాపు, చీము బాగా ఉన్నవాళ్లలో ఒంట్లో ఇనుము నిల్వ చెప్పే ఫెరిటిన్ అబద్ధంగా ఎక్కువ చూపిస్తుంది, పక్కన ఒంట్లో వాపు ఉందో లేదో చెప్పే సీఆర్‌పీ కూడా చేయించాలి. నోటికీ రక్తానికీ లింకు వెతికే పరిశోధకులు ముందు గమనించాల్సింది ఇదే. మూలలు చీలిన పెదవులు, కారం తగిలితే మండే నున్నని నాలుక పళ్ల డాక్టరుకి కనబడితే అక్కడికక్కడే హిమోగ్లోబిన్ పరీక్ష రాయాలి.

గర్భాశయ ముఖద్వారం క్యాన్సర్ పరీక్షకు 30 నుంచి 65 ఏళ్ల మహిళలను పిలుస్తారు, అయిదేళ్లకోసారి. మన పల్లెల్లో ఎక్కువగా అందేది ఎసిటిక్ ఆమ్లం పూసి, తెల్లబడే మచ్చల కోసం కంటితో చూసే పద్ధతి. ద్రావణం ఏ రోజుకారోజు కలపాలి: డిస్టిల్డ్ వాటర్ 95 మిల్లీలీటర్లు, అందులో గ్లేసియల్ ఎసిటిక్ యాసిడ్ 5. నీళ్లలో యాసిడ్ పోయాలి, యాసిడ్‌లో నీళ్లు కాదు. కలపని యాసిడ్ తగిలితే పుండు పడుతుంది, నిన్నటి పలచన సీసాతో మచ్చ తెల్లబడదు. పూశాక గడియారం చూసుకుని నిమిషం ఆగాలి. వరసలో యాభై మంది ఉన్నారని పది సెకన్లకే ‘నార్మల్’ రాస్తే ఆ ఎంట్రీకి విలువ లేదు. నెలసరి ఆగిపోయినవాళ్లలో క్యాన్సర్ మార్పు మొదలయ్యే అంచు లోపలికి వెళ్లిపోతుంది, కంటికి కనబడదు. వాళ్లకు, ఆ క్యాన్సర్ తెచ్చే వైరస్‌ను పట్టే హెచ్‌పీవీ డీఎన్ఏ పరీక్షే నయం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 నుంచి అందరికీ సిఫారసు చేస్తున్నదీ అదే, నమూనా తనంతట తానే తీసుకోవచ్చు గనక సిగ్గు అడ్డం రాదు.

తెల్లబట్ట అవుతోందని వచ్చినవాళ్లకు ఏ పరీక్షా లేకుండా గర్భసంచి తీయించుకోమని చెప్పడం మన వైపు కొత్త కాదు. ముఖద్వారం వదిలేసి పైభాగమే తీసిన ఆపరేషను అయితే పరీక్ష అవసరం అలాగే ఉంటుంది. డిశ్చార్జి కాగితంలో ఏం తీశారో చూడకుండా ‘గర్భసంచి లేదు’ అని వదిలేయకూడదు.

పరిశోధకులకు ఇంకో మాట. ఆసుపత్రి ఓపీకి వచ్చినవాళ్ల లెక్కని జిల్లా లెక్కగా చెప్పకండి. చుట్ట, పేదరికం చిగుళ్లనీ ముఖద్వారాన్నీ రెండింటినీ దెబ్బతీస్తాయి, ఆ రెండూ కలిసి కనబడ్డంత మాత్రాన ఒకదానివల్ల ఇంకొకటి వచ్చిందనలేం. ఇక సమ్మతి. 2009లో ఖమ్మం జిల్లాలో ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా ప్రాజెక్టు పెట్టినప్పుడు తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు చేశారని బయటపడి పెద్ద గొడవైంది, 2010లో ఆపేశారు. డ్వాక్రా లీడరు సంతకం సంఘంలోని ఆడవాళ్ల సమ్మతి కాదు. వేలిముద్ర వేసేవాళ్లకు తెలుగులో చదివి వినిపించాలి, సాక్షి బృందంలో మనిషి కాకూడదు.

శిబిరం తేదీ ఖరారు చేసే ముందే ముక్క పరీక్ష ఎక్కడ, సికిల్ సెల్ నిర్ధారణ ఎక్కడ, ముఖద్వారం చికిత్స ఎవరు చేస్తారు, బస్సు చార్జీ ఎవరిస్తారు అన్నవి రాసుకోవాలని అధికారులను కోరుతున్నాం. ప్రతి మహిళ చేతికీ తెలుగులో ఒకే కార్డు ఇవ్వాలి: అంగిలి ఎలా ఉంది, హిమోగ్లోబిన్ ఎంత, ముఖద్వారం పరీక్ష ఏం చెప్పింది, మళ్లీ ఏ తేదీన ఏ ఆసుపత్రిలో ఏ గదికి రావాలి.

– ప్రజారోగ్య, ప్రయోగశాల రంగాల్లో పనిచేస్తున్న కొందరు,
శ్రీకాకుళం