పట్లాను అడిగేదెప్పుడు?

సంపాదకులు గారికి,

ఉట్నూరు ఏజెన్సీలో చాలా ఏళ్లు బడి చెప్పి రిటైరైనవాణ్ణి. టీకాకు జనం రాకపోయినా, సర్వేకు వివరాలు చెప్పకపోయినా గోండు గూడేనికి వచ్చిన సిబ్బంది ముందు అడిగేది 'పట్లా ఎక్కడ?' అనే. పట్లా అంటే గూడెం పెద్ద. భూమి సంగతో, రోడ్డు సంగతో తేల్చేటప్పుడు మాత్రం సర్పంచ్ సంతకం చాలు. సర్పంచ్‌ది తప్పనను. ఆయనకు నాలుగైదు గూడేలు, పట్లాకు ఒక్కటే.

ఒకసారి ఒకాయన ఎద్దు తాడు తెంపుకొని పక్కాయన జొన్నచేలో పడింది. పట్లా పంచాయితీకి కూర్చోకముందే చేనుకు నడిచాడు. వంగి, విరిగిన కర్రలు సాలుసాలుకూ లెక్కపెట్టాడు. 'కోతలయినంక రెండు కుంచాల జొన్నలియ్యి' అన్నాడు. డబ్బు ఎందుకు కట్టించలేదని తర్వాత అడిగాను. 'ఆ ఇంట్ల ఇప్పుడు పైసలెక్కడివి సార్, సేటు దగ్గరికి పోతడు' అన్నాడు. ఠాణాలో ఈ సంగతి ఎవరికి తెలుస్తుంది?

తగవులు తీర్చుకునే సంప్రదాయ పద్ధతిని కాపాడుకునే అధికారం గ్రామసభదేనని షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీల కోసం వచ్చిన 1996 నాటి పెసా చట్టం సెక్షన్ 4(డి) చెబుతోంది. ఉమ్మడి రాష్ట్రంలో 2011లో నియమాలూ వచ్చాయి. నేను చూసిన గ్రామసభలు మాత్రం రిజిస్టర్లో వేలిముద్రలతోనే ముగిశాయి. కొమురం భీం 1940లో జోడేఘాట్‌లో నేలకొరిగాక నిజాం సర్కారు గిరిజనుల స్థితిగతులు చూసి రమ్మని మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన చొరవతో మొదలైన కెస్లాపూర్ నాగోబా దర్బారులో ఆదివాసీ పెద్దలు ఇప్పటికీ కలెక్టరు ముందు మాట్లాడతారు, కాకపోతే ఏడాదికి ఒక్కరోజే.

పట్లాలకు గౌరవ వేతనం ఇవ్వాలనే మాట వింటుంటాను. నాకిష్టం లేదు. జీతం తీసుకున్న మర్నాడే ఆయన మండలాఫీసు మనిషైపోతాడు. గ్రామసభ తేదీ ఆయన్నీ, కొన్ని గూడేలకు కలిపి ఉండే గోండు పెద్దల సభ రాయిసెంటర్‌కు పెద్దయిన సార్మేడీనీ అడిగి పెట్టండి. తీర్మానం గోండీలో వినిపించాకే సంతకాలు తీసుకోండి. కొట్లాటలు, నేరాలు వేరు. ఎద్దులూ గట్లూ లాంటివి గూడెంలో తేలాక ఠాణాలో తిరగదోడకండి.

పట్లాలకూ ఒక మాట. ఆ రోజు పంచాయితీలో, చేను కలుపు తీసిన ఆడమనిషి గోడ అవతలే నిలబడింది. విరిగిన కర్రలు ఆమె తెల్లారకముందే లెక్కపెట్టుకుందట. పట్లా లెక్క కంటే పదకొండు ఎక్కువ. ఆమెను ఎవరూ అడగలేదు.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, ఉట్నూరు