విషయం: నా ఫిర్యాదు వినకుండానే "పరిష్కారమైంది" అని మూసేయడం గురించి

కస్టమర్ సేవల విభాగం అధికారి గారికి,

నమస్కారం. మీ బ్రాడ్‌బ్యాండ్ ఏళ్ల తరబడి వాడుతున్నాను. ఏ నెలా బిల్లు ఆలస్యం చేయలేదు. నా మాట నమ్మి మీ కనెక్షన్ పెట్టించుకున్నవాళ్లు కూడా ఉన్నారు. అలాంటి నా గోడు వినే నాథుడు మీ దగ్గర లేకుండా పోయాడు.

ఇంట్లో కంప్యూటర్‌లో మైన్‌క్రాఫ్ట్ అనే ఆటకి సర్వర్ పెట్టాను, స్నేహితులతో కలిసి ఆడుకోవాలని. కంప్యూటర్‌కి మారని లోకల్ ఐపీ (ఇంటి లోపలి అడ్రసు) ఇచ్చి, బయటి నుంచి ఆటకి వచ్చే కనెక్షన్లు దానికి చేరేలా రూటర్‌లో 25565 పోర్టు ఫార్వర్డ్ చేసి, ఫైర్‌వాల్‌లో కూడా అనుమతి ఇచ్చాను. ఇంట్లో ఇంకో ల్యాప్‌టాప్ నుంచి చక్కగా కనెక్ట్ అవుతోంది. బయటి నుంచి మాత్రం ఎవరికీ అవడం లేదు. మీ కాల్ సెంటర్‌కి చెప్పింది ఇంతే.

మొదట మాట్లాడినాయన నా మాట పూర్తి కాకముందే "రూటర్ ఆఫ్ చేసి ఆన్ చేయండి సార్" అన్నారు. చేశాను. "నెట్ వస్తోందా సార్?" వస్తోందన్నాను. "అయితే మా వైపు ప్రాబ్లం లేదు సార్" అని పెట్టేశారు. తర్వాత ఒకావిడ స్పీడ్ టెస్ట్ చేయమన్నారు. స్పీడ్ గురించి కాదమ్మా, బయటివాళ్లు లోపలికి రాలేకపోతున్నారు అని చెబితే హోల్డ్‌లో పెట్టారు. కాసేపు సంగీతం వినిపించి లైన్ కట్ అయింది. ఇంకొకరు గేమ్ కంపెనీని అడగమన్నారు. మరొకరు పెద్ద ప్లాన్‌కి మారమన్నారు. మారితే పోర్టు తెరుచుకుంటుందా అంటే "స్పీడ్ పెరుగుతుంది సార్" అన్నారు. ఫోన్ చేసిన ప్రతిసారీ కథంతా మొదటి నుంచి చెప్పాల్సిందే. ముందు మాట్లాడినవాళ్లు ఒక్క ముక్క కూడా రాసి పెట్టరు.

చివరికి టెక్నీషియన్ వచ్చారు. రూటర్ లైట్లు చూసి, తన ఫోన్‌లో ఓ వీడియో ప్లే చేసి "బాగానే ఉంది కదా సార్" అన్నారు. పోర్ట్ ఫార్వర్డింగ్ పేజీ చూపిస్తే "ఇవన్నీ మాకు నేర్పలేదు సార్" అన్నారు. ఆయన మీద నాకు కోపం లేదు, నేర్పకుండా పంపినవాళ్ల మీదే. వెళ్తూ ఫిర్యాదు మూయడానికి ఓటీపీ అడిగారు. నేను చెప్పలేదు. అయినా సాయంత్రానికి "మీ సమస్య పరిష్కారమైంది" అని మెసేజ్ వచ్చింది! నా ఒళ్లు మండింది అక్కడే.

కారణం నేనే వెతుక్కున్నాను. రూటర్ స్టేటస్ పేజీలో వాన్ ఐపీ, అంటే నా రూటర్‌కి మీరిచ్చిన అడ్రసు, 100.72తో మొదలవుతోంది. 100.64 నుంచి 100.127 దాకా ఉన్న అడ్రసులను ప్రొవైడర్ల లోపలి వాడకానికి 2012లోనే కేటాయించారు. అంటే నన్ను సీజీనాట్ (చాలామందిని ఒకే అడ్రసు మీద నడిపే మీ ఏర్పాటు) వెనక పెట్టి, బయటి ఇంటర్నెట్‌కి కనిపించే ఒకే పబ్లిక్ ఐపీని నాకూ ఇంకెందరికో కలిపి ఇచ్చారు. నా రూటర్‌లో ఎన్ని పోర్టులు తెరిచినా, వచ్చే కనెక్షన్ మీ పరికరం దగ్గరే ఆగిపోతుంది. ఐపీవీ4 (పాత తరహా ఐపీ) అడ్రసులు చాలక ఇలా చేస్తారని తెలుసు, దాన్ని తప్పు పట్టను. ఆ ఒక్క మాట మొదటి రోజే చెప్పడానికి మీకేం అడ్డొచ్చింది?

మూసేసిన ఫిర్యాదు తిరిగి తెరవండి. విషయం తెలిసిన మనిషితో నాకు ఫోన్ చేయించండి. పబ్లిక్ ఐపీ ఇవ్వండి, ఇవ్వలేకపోతే ఇవ్వలేమని రాసివ్వండి. వచ్చే బిల్లులోపు ఇవేవీ జరగకపోతే కనెక్షన్ తీయించేస్తాను. ఆ మెసేజ్ పట్టుకుని వినియోగదారుల కోర్టుకు వెళ్తాను. నా మాట మీద మీ దగ్గర చేరినవాళ్లందరికీ జరిగింది జరిగినట్టు చెప్తాను.

ఇట్లు,
మీ వినియోగదారుడు