‘నాన్నని తీసుకురామ్మా’: రిజర్వు బ్యాంకు గవర్నర్ గారికి బహిరంగ లేఖ

భారతీయ రిజర్వు బ్యాంకు గవర్నర్ గారికి నమస్కారం.

నేను ఒక జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతాను. నా దగ్గర చదివే ఒకమ్మాయి గురించి మీకు రాస్తున్నాను. వయసు 16. సాయంత్రాలు చిన్నపిల్లలకు ట్యూషన్ చెప్పి నెలనెలా కాస్త సంపాదించుకుంటోంది. ఆ డబ్బు వేసుకునే ఖాతా, తన చిన్నప్పుడు వాళ్ల నాన్న గార్డియన్‌గా ఉండి తెరిచింది. మొన్న పరీక్ష ఫీజు కట్టాలని వెళ్తే అందులో ఏమీ మిగల్లేదు. ఏడాది కష్టం ఆయన తీసేసుకున్నాడు. అడిగితే, "నా సంతకంతో నడిచే ఖాతా, నేను తీసుకోకూడదా?" అన్నాడట. బ్యాంకు కాగితాల ప్రకారం చూస్తే అందులో తప్పు పట్టడానికేమీ లేదు.

తనే నడుపుకునే ఖాతా కావాలని ఆ పిల్ల ఆధార్ కార్డు తీసుకుని బ్రాంచికి వెళ్లింది. "నాన్నని తీసుకురామ్మా" అన్నారు. రెండోసారి నేను తోడు వెళ్లాను. 2025 ఏప్రిల్ 21న మీరిచ్చిన సర్క్యులర్ ప్రింటు చూపించాను. మేనేజర్ మర్యాదగానే మాట్లాడారు. "గార్డియన్ పేరు నింపకపోతే మా సిస్టమ్ ముందుకు పోదు మేడమ్. అయినా ఇందులో అనుమతించవచ్చు అని ఉంది కానీ, అనుమతించాలి అని లేదు కదా" అన్నారు.

ఆ మాట నిజమే. 10 ఏళ్లకు తగ్గకుండా బ్యాంకు ఒక వయసు పెట్టుకుని, ఆ వయసు దాటిన పిల్లలను సొంతంగా ఖాతా తెరిచి నడుపుకోనివ్వవచ్చని మీ సర్క్యులర్ చెబుతోంది. 2014లోనూ ఇలాంటి వెసులుబాటే ఇచ్చారు. రెండుసార్లూ చివరి మాట బ్యాంకుకే వదిలేశారు. తండ్రిని వెంటబెట్టుకుని రాగలిగే పిల్లలకు ఆ ‘వచ్చు’తో ఇబ్బందేమీ లేదు. తండ్రి దగ్గర్నుంచే డబ్బు కాపాడుకోవాల్సిన పిల్లకు మాత్రం దారి అక్కడితో మూసుకుపోతోంది.

బ్యాంకుల భయం నాకు అర్థమవుతుంది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం 18 నిండనివాళ్లతో చేసుకున్న ఒప్పందం చెల్లదు, అప్పిస్తే వసూలు చేసుకోలేరు. కానీ సేవింగ్స్ ఖాతాలో అప్పు ఇస్తున్నది ఆ పిల్లే కదా, బ్యాంకు తీసుకుంటోంది. మైనర్ల ఖాతాలో ఎప్పుడూ నిల్వ ఉండాలనీ, ఓవర్‌డ్రాఫ్ట్ (నిల్వకు మించి డబ్బు తీసుకునే వీలు) ఇవ్వకూడదనీ మీరే రాశారు. ఇక మోసగాళ్లు కాలేజీ పిల్లల ఖాతాలు అద్దెకు తీసుకుని దొంగ డబ్బు తిప్పడం నేనూ వింటున్నాను, ఆ టెన్షన్ నాకూ ఉంది. దానికి పరిమితులు పెట్టండి. నెలకు ఇంతకంటే జమ కాకూడదనండి, చెక్‌బుక్ వద్దనండి. అవేవీ తండ్రి సంతకం లేకుండా కుదరనివి కావు.

సర్, ఇంకో చిక్కుంది. రేపు బ్యాంకు ఒప్పుకుని ఖాతా తెరిచినా, 18 నిండేదాకా సిమ్ కార్డు తన పేరుమీద రాదు. తన ఆధార్‌కి ఉన్నది నాన్న నంబరే. ఓటీపీ ఆయనకే పోతుంది, వంద రూపాయలు పడినా మెసేజ్ ఆయనకే. పేరుకు ఖాతా పిల్లదే, కాపలా మాత్రం పాతదే. మొబైల్ నంబరు లేకుండా, పాస్‌బుక్‌తో, కౌంటర్ దగ్గర తన సంతకంతో డబ్బు వేసి తీసుకునే పద్ధతి ఈ పిల్లలకు చాలు. నెట్ బ్యాంకింగ్, కార్డు ఇప్పుడే అక్కర్లేదు.

నేను అడిగేది చాలా కొద్ది. కనీసం 16 నిండినవాళ్ల విషయంలో ఆ ‘అనుమతించవచ్చు’ని ‘అనుమతించాలి’ అని మార్చండి. కాదనే బ్రాంచి కారణం రాసి, సంతకం పెట్టి ఇవ్వాలనండి. నోటిమాటతో పంపేస్తే, బ్యాంకులపై ఫిర్యాదులు వినే మీ అంబుడ్స్‌మన్ దాకా ఆ పిల్ల ఏం పట్టుకుని వెళ్తుంది?

తల్లిదండ్రులందరూ ఇలా ఉంటారని నేననడం లేదు. మా అమ్మానాన్నలు నా డబ్బు ఏనాడూ ముట్టుకోలేదు. అందుకే ఈ పిల్ల కష్టం అర్థమవడానికి నాకు ఇంతకాలం పట్టింది.

ప్రస్తుతం ట్యూషన్ డబ్బు ఒక కవరులో పెట్టి నాకిస్తోంది. నా బీరువాలో దాస్తున్నాను. ప్రతినెలా లెక్క రాసి ఇద్దరం సంతకాలు పెడుతున్నాం. తనకు 18 నిండడానికి ఇంకా పద్నాలుగు నెలలుంది.

ఇట్లు,
ఒక లెక్కల లెక్చరర్