ట్రాన్స్‌ఫార్మర్ల లెక్కలు పరిశోధకులకు అందాలి

సంపాదకులకు నమస్కారం.

ఎలక్ట్రిక్ వాహనాలకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ రుసుము 2026 డిసెంబరు 31 వరకు పూర్తిగా మినహాయిస్తూ రాష్ట్ర ప్రభుత్వం 2024 నవంబరులో తెచ్చిన విధానం మంచి నిర్ణయం. మా తార్నాక వైపు అపార్ట్‌మెంట్ల సెల్లార్లలో ఇప్పుడు ఆకుపచ్చ నంబరు ప్లేటు బండ్లు, గోడలకు చార్జర్లు మామూలైపోయాయి. ఈ వాహనాల బ్యాటరీలు ఎన్నేళ్లు మన్నుతాయో, వాటివల్ల ఏ వేళకు ఎంత విద్యుత్ అదనంగా కావాలో ముందుగా అంచనా కట్టడం నా పరిశోధన. బండ్లు వస్తున్నంత వేగంగా వాటికి సంబంధించిన కొలతలు మా చేతికి రావడం లేదన్న బాధతో ఈ లేఖ రాస్తున్నాను.

నగరం మొత్తానికి రేపు ఎంత విద్యుత్ కావాలో చెప్పడం మరీ కష్టం కాదు. లక్షల ఇళ్ల వాడకం కలిసినప్పుడు ఒకరి హెచ్చు మరొకరి తగ్గుతో సర్దుకుంటుంది గనుక, ఎండ తీవ్రత, సెలవులు, పండుగలు లెక్కలోకి తీసుకుని, రోజును 15 నిమిషాల చొప్పున 96 భాగాలు చేసి అంచనా వేయవచ్చు. చిక్కంతా వీధి చివరనున్న ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరే. 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ (గరిష్ఠంగా సుమారు 100 కిలోవాట్ల భారం మోయగలది) కింద ఉన్న ఇళ్లలో పది కార్లు సాయంత్రం ఏడింటికి చేరి, ఒక్కొక్కటి ఏడు కిలోవాట్ల చార్జరుకు తగిలిస్తే, 70 కిలోవాట్లు వాటికే పోతాయి. మే నెలలో అదే వేళకు ప్రతి ఇంట్లోనూ ఏసీ నడుస్తుంటుంది. అంత చిన్న గుంపులో ఎవరి హెచ్చునూ ఎవరి తగ్గూ పూడ్చదు.

బ్యాటరీ మన్నిక వేరే సమస్య అని చాలామంది అనుకుంటారు గానీ, ఈ రెండూ ఒకే ముడి. లిథియం బ్యాటరీలో నెగెటివ్ ఎలక్ట్రోడ్ మీద ఒక పల్చటి పొర ఏర్పడి, అది పెరిగేకొద్దీ పనికొచ్చే లిథియం తగ్గిపోతుంది. వేడి ఎక్కువైనా, బ్యాటరీ గంటల తరబడి నూరు శాతం నిండి ఉన్నా ఆ పొర త్వరగా పెరుగుతుంది. ఎండలో తిరిగొచ్చిన బండిని చల్లారకముందే చార్జింగుకు పెట్టి, తెల్లారేదాకా నిండుగా ఉంచేయడం మనలో చాలామందికి అలవాటు. అదే చార్జింగ్ అర్ధరాత్రి దాటాక మొదలైతే బ్యాటరీకీ మేలు, ట్రాన్స్‌ఫార్మర్‌కూ మేలు. అయితే వీధిలో అందరూ సరిగ్గా పన్నెండింటికే టైమరు పెట్టుకుంటే సాయంత్రపు ఒత్తిడి అర్ధరాత్రికి మారుతుందే తప్ప తగ్గదు. ఏ వీధిలో ఎవరిని ఏ గంటకు మార్చాలో చెప్పాలంటే ఆ వీధి లెక్కలు కావాలి.

ఆ లెక్కల కోసం నేను ఒక కార్యాలయానికి దరఖాస్తు పెట్టి, నెలల తరబడి తిరిగితే, చివరకు నెలవారీ మొత్తం యూనిట్లు రాసిన ఒక్క కాగితం ఇచ్చారు. ఏ గంటకు ఎంత భారం పడిందో తెలియనప్పుడు ఆ కాగితంతో చేయగలిగింది ఏమీ లేదు. కొలతలు బహిరంగంగా ఉంటే ఎంత సాధ్యమో 2019లో అమెరికాలో చూశాం. స్టాన్‌ఫర్డ్, ఎంఐటీ, టొయోటా పరిశోధన సంస్థ కలిసి 124 బ్యాటరీ సెల్స్ మీద చేసిన పరీక్షల వివరాలన్నీ అందరికీ అందుబాటులో ఉంచాయి. మొదటి 100 సార్ల చార్జింగ్ వివరాలతోనే సెల్ జీవితకాలాన్ని సుమారు 9 శాతం తేడాతో ముందే చెప్పగలిగారు. కానీ అవి 30 డిగ్రీల వద్ద స్థిరంగా ఉంచిన గదుల్లో చేసిన పరీక్షలు. ఉప్పల్ రింగ్ రోడ్డు మీద మే నెల మధ్యాహ్నం తిరిగే బండికి ఆ ఫలితాలు ఉన్నవి ఉన్నట్టుగా వర్తించవు. మన ఎండకు మన కొలతలే కావాలి. 2019 నుంచే నగరంలో ఆర్టీసీ ఎలక్ట్రిక్ బస్సులు నడుస్తున్నాయి. ఇన్ని వేసవులు చూసిన ఆ బ్యాటరీల రికార్డులు పరిశోధనకు ఎంతో విలువైనవి.

2022 సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూం ఉన్న భవనంలో మంటలు లేచి, పైనున్న లాడ్జిలోని ఎనిమిది మంది చనిపోయిన సంగతిని ఈ నగరం మరచిపోలేదు. సెల్లారులో బండ్లు నిలిపి, పైన కుటుంబాలతో నిద్రపోయే మనకు ఈ పరిశోధన దూరపు విషయం కాదు.

వినియోగదారుల పేర్లు, మీటరు నంబర్లు తీసేసి, ట్రాన్స్‌ఫార్మర్ల వారీగా 15 నిమిషాల లెక్కలను విశ్వవిద్యాలయాలకు ఇవ్వాలని విద్యుత్ పంపిణీ సంస్థను, బస్సుల బ్యాటరీ రికార్డులు ఇవ్వాలని ఆర్టీసీని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. నగరమంతా ఒకేసారి సాధ్యం కాకపోతే, వచ్చే ఎండాకాలానికి ముందు ఒక్క సబ్‌స్టేషన్ పరిధిలోని లెక్కలు ఇచ్చినా పని మొదలుపెట్టడానికి మేము సిద్ధంగా ఉన్నాం.

— ఒక పరిశోధకురాలు,
తార్నాక, హైదరాబాద్