ఇంటికి రాని గుర్రాల సంగతి

సంపాదకుల వారికి నమస్కారం.

పోయిన ఆదివారం మా మనవరాలు పట్టుబట్టి టీవీలో 'వార్ హార్స్' సినిమా పెట్టింది. 2011లో స్పీల్‌బర్గ్ తీసిన ఆ సినిమా, మొదటి ప్రపంచ యుద్ధంలోకి లాక్కెళ్లిన జోయీ అనే గుర్రం కథ. తాతామనవరాళ్లం ఇద్దరమూ ఏడ్చాం.

రెండు సైన్యాల కందకాల మధ్య జోయీ ముళ్లతీగల్లో చిక్కుకుపోతుంది. ఇటు నుంచి ఒక ఇంగ్లీషు సిపాయి తెల్లగుడ్డ పట్టుకుని వస్తాడు. అటు నుంచి ఒక జర్మన్ సిపాయి తీగలు కోసే కత్తెరతో వస్తాడు. ఒక్కటి చాలదు, ఇంకో కత్తెర కావాలని కేక వేయగానే కందకంలోంచి అరడజను కత్తెరలు ఎగిరొచ్చి బురదలో పడతాయి. నాకు అక్కడే గొంతు పూడుకుపోయింది.

మా నాన్నగారు తెనాలి స్టేషన్ దగ్గర జట్కా తోలేవారు. ఒక వానాకాలం సాయంత్రం తడిసిన తారు రోడ్డు మీద నాడాలు జారి మా గుర్రం లక్ష్మి కూలబడింది. బండి కర్రల మధ్య ఇరుక్కుని, ఎంత తన్నుకున్నా లేవలేకపోయింది. కిళ్లీకొట్టు ఆయన గోనెసంచులు తెచ్చి దాని గిట్టల కింద పరిచాడు. బియ్యం కొట్టు గుమాస్తా తోలు పట్టీలు విప్పాడు. ఎవరో రిక్షా అతను దాని మెడ కింద భుజం ఆనించాడు. అది లేచి నిలబడేదాకా నాన్నగారు దాని చెవి దగ్గర ఏదో చెబుతూనే ఉన్నారు.

ఆటోలు వచ్చాక బేరాలు తగ్గిపోయి, 1979లో లక్ష్మిని ఒక ఇటుక బట్టీకి అమ్మేశారు. నెల రోజుల తర్వాత వెళ్లి చూసి వచ్చారు. ఆ రాత్రి అన్నం ముట్టలేదు. అక్కడ ఏమి చూశారో చివరిదాకా మాకు చెప్పలేదు.

సినిమాలో జోయీ ఇంటికి చేరుతుంది. "తాతయ్యా, మిగతా గుర్రాలు కూడా ఇంటికి వచ్చేశాయా?" అని మనవరాలు అడిగింది. దానికి అబద్ధం చెప్పలేకపోయాను. ఆ యుద్ధంలో చచ్చిపోయినవే దాదాపు 80 లక్షలని చెబుతారు. బతికినవాటిలో చాలావాటిని సైన్యం అక్కడికక్కడే అమ్మేసింది. కొన్ని కసాయివాళ్ల పాలయ్యాయి. ఈజిప్టులో అమ్మినవి ఏళ్ల తరబడి కైరో వీధుల్లో బరువులు లాగాయి. 1930లో భర్త ఉద్యోగం వల్ల అక్కడికి వెళ్లిన డొరొతీ బ్రూక్ అనే ఇంగ్లీషు ఆవిడ, ఎముకల గూళ్లలా ఉన్న ఆ ముసలి గుర్రాలను చూసి, మరుసటి ఏడాది లండన్‌లోని 'మార్నింగ్ పోస్ట్' పత్రికకు ఉత్తరం రాశారు. పాఠకులు డబ్బు పంపారు. ఆ డబ్బుతో మూడేళ్లలో 5,000 గుర్రాలను కొని విడిపించారు. చాలావాటికి అప్పటికే ఓపిక అయిపోయింది. వాటికి కొన్నాళ్లు కడుపునిండా మేత, మెత్తటి పడక, ఆ తర్వాత బాధ లేని చావు మాత్రమే ఇవ్వగలిగారు. 1934లో అక్కడే ఒక పశువుల ఆసుపత్రి కూడా పెట్టారు. ఇదంతా ఒక పాఠకురాలి ఉత్తరంతో మొదలైంది. నేను ఈ నాలుగు ముక్కలు రాస్తున్నది ఆ ధైర్యంతోనే.

మన గుర్రాలూ ఆ యుద్ధానికి వెళ్లాయి. పాలస్తీనా వైపు పోరాడిన హైదరాబాద్, మైసూరు, జోధ్‌పూర్ ఆశ్విక దళాల గుర్తుగా ఢిల్లీ తీన్‌మూర్తి కూడలిలో మూడు కంచు విగ్రహాలు నిలబెట్టారు. ముగ్గురు రౌతులూ నేల మీద నిలబడి ఉంటారు. పక్కన ఒక్క గుర్రం కూడా లేదు.

నా విన్నపం ఒక్కటే. పెళ్లి ఊరేగింపుల్లో బ్యాండు మోతకు బెదురుతూ నిలబడే గుర్రాలు, విశాఖ బీచిలో పిల్లలను ఎక్కించుకుని తిరిగే గుర్రాలు ముసలివయ్యాక ఎక్కడికి చేరుతున్నాయి? మీ విలేకరులను పంపి ఆరా తీయించండి, ఫొటోలతో సహా అచ్చు వేయండి. అలాంటివాటిని చేరదీసి సాకేవారు ఉంటే వారి వివరాలు కూడా వేయండి. నా పింఛనులోంచి నెలనెలా ఉలవలకు డబ్బు పంపుతాను.

ఇట్లు
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
తెనాలి