అగిడిగ్బో అరచేతిలో ఇమిడే వాద్యం కాదు

సంపాదకుల వారికి నమస్కారం.

మీ ఆదివారం పిల్లల పేజీలో, అరచేతుల్లో పట్టుకుని బొటనవేళ్లతో మీటే 17 మీటల కలింబా ఫొటో వేసి, కింద 'నైజీరియా యోరుబాల అగిడిగ్బో' అని రాశారు. అగరుబత్తి పెట్టె, హెయిర్‌పిన్నులతో దాన్ని చేసుకునే పద్ధతీ ఇచ్చారు. విజయవాడ, గుంటూరు బడుల్లో సైన్స్ ఫెయిర్లకు పిల్లలు ఇలాంటివి చూసే చేస్తారు కాబట్టి ఈ ఉత్తరం రాయక తప్పలేదు.

కలింబా అనే పేరుతో ఇవాళ అమ్ముడయ్యే వాద్యానికి రూపమిచ్చినవాడు ఆఫ్రికా సంగీత పరిశోధకుడు హ్యూ ట్రేసీ. 1950లలో దక్షిణాఫ్రికాలో దాన్ని తయారుచేసి అమ్మకానికి పెట్టాడు. దాని మూలాలు జింబాబ్వే వైపు ఎంబిరా అనే బొటనవేళ్ల వాద్యంలో ఉన్నాయి. అగిడిగ్బో నైరుతి నైజీరియాలోని యోరుబా ప్రజలది. అది ఒళ్లో పెట్టుకునే, లేదా మెడకు పట్టీతో తగిలించుకునే పెద్ద చెక్కపెట్టె. దానిమీద వేళ్లతో మీటే నాలుగైదు ఉక్కు పట్టీలే, అంటే నాలుకలే, ఉంటాయి. రాగం పలికించడం దాని పని కాదు. మృదంగంలో తొప్పి (మంద్రంగా మోగే ఎడమ వైపు) ఎలాగో, యోరుబాల అపాలా సంగీతంలో అగిడిగ్బో అలాగ: తాళానికి అడుగున నిలిచే మంద్రస్వరం. గాయకుడు హరూనా ఇషోలా (1919–1983) అపాలా రికార్డులు వింటే, మాటల స్వరాన్ని అనుకరించే 'మాట్లాడే డోళ్ల' కింద, షెకెరే (పూసల వల చుట్టిన సొరబుర్ర) గలగలల కింద అది ఒకే వరసను మళ్లీ మళ్లీ పట్టుకుని ఉండటం తెలుస్తుంది. యోరుబా భాషలో ఎగువ, మధ్య, దిగువ అని స్వరస్థాయి మారితే మాట అర్థమే మారుతుంది. అందుకే కొద్దిపాటి నాలుకలతోనైనా విన్నవాళ్లకు మాట పలికినట్టుంటుంది. 'అగిడిగ్బో మోత సామెతలాంటిది, వివేకి దానికి ఆడతాడు, తెలిసినవాడికి అర్థమవుతుంది' అని వాళ్ల సామెత. ఇలాంటి పెట్టె వాద్యాలే అయిన క్యూబా మరింబులా, జమైకా రూంబా బాక్సు చేసేదీ ఈ మంద్రం పనే.

ఇక అగరుబత్తి పెట్టెతో ఎందుకు కుదరదంటే, మంద్రస్వరానికి పెట్టెలో గాలి కావాలి. లోపల 45 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 15 లోతు ఉంటే ఇరవై లీటర్ల గాలి పడుతుంది. ముఖపలకకు 10 సెంటీమీటర్ల వ్యాసంతో గుండ్రటి చిల్లు పెడితే ఆ గాలి 110 హెర్ట్జ్ దరిదాపుల్లో స్పందిస్తుంది. నాలుకల శ్రుతులు దానికి అటూఇటూ పడాలి. ముఖానికి 4 మిల్లీమీటర్ల ప్లైవుడ్ చాలు. గట్టిగా ఉంటుందని 12 మిల్లీమీటర్లది వేస్తే పలక కదలదు, మోత చచ్చిపోతుంది. పక్కలకు మాత్రం 12 ఉండాలి. మూలల్లో ఫెవికాల్ పూశాక సందు మిగిలితే గాలి అక్కడినుంచి పోయి మంద్రం పలచబడుతుంది.

నాలుకలకు ఆటోనగర్ వర్క్‌షాపుల్లో అరిగిపోయి పక్కన పడేసిన పవర్ హాక్సా (ఇనుము కోసే మరరంపం) బ్లేళ్లు అడగండి. ఒకటిన్నర మిల్లీమీటర్ల మందం ఉన్నవి బాగుంటాయి. చేతి రంపం బ్లేడు పలచన. దాన్ని మంద్రానికి దించబోతే మీటినప్పుడు రెపరెపలాడుతుందే గానీ బలమైన నాదం రాదు. పళ్లన్నీ గ్రైండింగ్ చక్రం మీద నీళ్లు చల్లుతూ తీసేసి, అంచులు గుండ్రం చేయాలి. ఈ బ్లేళ్లు వంగవు, పుటుక్కున విరిగి ముక్కలు ఎగురుతాయి. ఈ పని పెద్దవాళ్లే, రక్షణ కళ్లద్దాలు పెట్టుకుని చేయాలి.

అన్నిటికన్నా ఎక్కువమంది తప్పేది పొడవు దగ్గర. నాలుక పొడవు సగం చేస్తే శ్రుతి రెట్టింపు అవుతుందనుకుంటారు. నాలుగింతలవుతుంది, అంటే రెండు స్థాయిలు పైకి పోతుంది. ఒక స్థాయి పెంచాలంటే పొడవు పదిలో ఏడు వంతులకు తగ్గాలి. ఒకటిన్నర మిల్లీమీటర్ల ఉక్కుకు, ముందు వంతెన (నాలుక ఆనే చెక్కబద్ద) నుంచి కొసదాకా 12.4 సెంటీమీటర్లు వదిలితే దాదాపు 80 హెర్ట్జ్, 8.8 వదిలితే 160. మిగతా నాలుకలు ఈ రెంటి మధ్య సర్దుకోవాలి. అరస్వరం తేడాకు పొడవులో మూడు శాతం, అంటే మూడున్నర మిల్లీమీటర్ల లోపే. స్కేలు పెట్టి కొలవండి, కంటి లెక్క సరిపోదు.

బిగింపుకు రెండు వంతెనలు, వాటి మధ్య నాలుకలను పైనుంచి నొక్కే 10 మిల్లీమీటర్ల చదరపు ఇనుప కడ్డీ. వంతెనలకు నూజివీడులో వీణలకు వాడే పనసచెక్క లాంటి గట్టి చెక్క కావాలి. కొండపల్లి బొమ్మల తెల్ల పొణికి తేలికే గానీ ఒత్తిడికి లోపలికి అణిగిపోతుంది. ముందు వంతెన మీద 6 మిల్లీమీటర్ల ఉక్కు చువ్వ కూర్చండి. నాలుక నేరుగా చెక్కమీద ఆనితే నాదం 'టప్' మని ఆగిపోతుంది. అయిదు నాలుకలకు ఆరు బోల్టులు, ప్రతి సందులో ఒకటి, చివర రెండు. అవి 4 మిల్లీమీటర్ల పలకలోంచి మాత్రమే పోతే పలక చీలుతుంది. లోపల అడ్డంగా ఒక చెక్కబద్ద అంటించి, దాంట్లోంచి దించి, పెద్ద వాషర్లు వేయాలి. ఒక నాలుక జరజరమంటే ఆ పక్క బోల్టు వదులైందని అర్థం.

శ్రుతికి బోల్టులు కాస్త వదులు చేసి, నాలుకను ముందుకో వెనక్కో తట్టి, మళ్లీ బిగించాలి. చిన్న తేడాలకు కొసను కొద్దిగా గ్రైండ్ చేస్తే శ్రుతి పెరుగుతుంది, కొస కింద ఎం-సీల్ ముద్ద పెడితే తగ్గుతుంది. వానాకాలంలో ప్లైవుడ్ తేమ పీల్చి ఉబ్బుతుంది, బిగింపు మారి శ్రుతి జారుతుంది. లోపలా బయటా వార్నిష్ వేయండి, బ్లేళ్లకు కొబ్బరినూనె రాసి తుడవండి.

సవరణ వేసేటప్పుడు అగిడిగ్బో ఫొటో పక్కన దాని కొలతలు కూడా అచ్చువేయాలని మా విన్నపం. ఫొటోలో ఏ వాద్యమైనా ఒకే సైజులో కనిపిస్తుంది, పిల్లలు పొరబడేది అక్కడే.

— వాద్యాల తయారీ, మరమ్మతు పనివారం, విజయవాడ